తలుపు కొడితే పలకని మనిషి

ఆయన ఇంటి తలుపు కొడితే జవాబు రాదు. ఎంతసేపు కొట్టినా రాదు. లోపల మనిషి ఉన్నాడని తెలుస్తూనే ఉంటుంది. రేడియో మోగుతుంటుంది, దగ్గు వినిపిస్తుంది. తలుపు మీద చెయ్యి పడగానే రేడియో ఆగిపోతుంది, అంతే. అలవాటైన వాళ్లు వాకిట్లోనే నిలబడి "కాకా!" అని పిలుస్తారు. పిలిస్తే మొదటి పిలుపుకే వస్తాడు, లుంగీ సర్దుకుంటూ, తింటున్న ముద్ద మింగుతూ.

మొదటిసారి పోయినప్పుడు నేను కొట్టాను. గోదావరిఖనిలో బడిపంతులుగా చేరిన కొత్త. మూఢనమ్మకాల మీద సభలు పెట్టేవాణ్ని, సాయంత్రాలు క్వార్టర్లన్నీ తిరిగి జనాన్ని పిలిచేవాణ్ని. కొట్టి కొట్టి వెనక్కి తిరగబోతుంటే ఆయన భార్య నీళ్ల బిందెతో ఎదురొచ్చింది.

"కొట్టినవా సారూ? కొడితే రాడు. పిలువు."

ఎందుకని అడిగితే, "గంతే" అంది.

నాకు విషయం అర్థమైపోయిందనుకున్నాను. చీకటి పడ్డాక తలుపు తట్టింది మనిషో దయ్యమో తెలియదు కనుక పలకకూడదనే నమ్మకం మా వైపు ఊళ్లలో ఇంకా ఉంది. లోపలికి పోయి కుర్చీ అంచున కూర్చుని ఉపన్యాసం అందుకున్నాను. శబ్దం అంటే ఏమిటి, భయం ఎలా పుడుతుంది, భయాన్ని దేవుడి పేరుతో ఎవరు అమ్ముకుంటారు. ఆయన చివరిదాకా విన్నాడు. మధ్యలో ఒకసారి ఫ్యాను నా వైపు తిప్పాడు.

"మంచిగ చెప్పినవ్ సారు. చాయ్ తాగుతవా?"

"తాగుతా. అయితే రేపటి నుంచి తలుపు కొడితే తీస్తవా?"

"తియ్య."

"ఇంతసేపు చెప్పింది ఏమైనట్టు?"

"నువ్వు చెప్పింది నిజమే. దయ్యాలు లెవ్వు. కానీ మనిషికి నోరుండంగ చేతితోటి పనేంది? పిలువాలె. పిలిస్తే వస్త గదా."

ఆయన పోయాడని మొన్న వాళ్ల పక్కింటి సంపత్ ఫోను చేశాడు. అప్పుడు నేను బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. "ఎప్పుడు?" అని అడిగాను. "పొద్దుగాల" అన్నాడు. ఫోను పెట్టేసి, మిగిలిన చొక్కా చెయ్యి కూడా ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పెట్టెలో పెట్టాను. దుఃఖం గురించి రాయాలని కూర్చోలేదు. అది రాలేదు కనుక ఉన్నట్టు రాయడం అబద్ధమవుతుంది. ఆయన పేరు రాయను. ఆయన పనిచేసిన బొగ్గుగని పేరు కూడా రాయను. ఆయన్ని ఎరిగినవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది, ఎరగనివాళ్లకు పేరుతో పని లేదు.

నేనెరిగే నాటికి ఆయన గని పైన ల్యాంప్‌రూంలో పని చేసేవాడు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే లైటు ఇవ్వాలి, పైకొచ్చాక తిరిగి తీసుకోవాలి. ఇచ్చేటప్పుడు ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవాడు: "నా లైటు నాకు తెచ్చియ్యాలె." కొత్తగా చేరినవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"నీ లైటు అమ్ముకొని బిర్యానీ తింటం కాకా."

"తిను. కానీ నువ్వే వచ్చి చెప్పు, అమ్ముకొని తిన్ననని."

ఒక లైటు రావడం ఆలస్యమైతే తన డ్యూటీ అయిపోయినా కదిలేవాడు కాదు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటే, ఈయన పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఖాళీగా ఉన్న ఆ కొక్కేన్నే చూస్తూ.

అంతకుముందు ఆయన రెస్క్యూలో ఉండేవాడు. గనిలో మంట అంటుకున్నా, విషవాయువు వచ్చినా, కప్పు కూలినా, అందరూ బయటికి పరిగెత్తే దారిలో వీపుకు ఆక్సిజన్ పెట్టె కట్టుకుని లోపలికి పోయే జట్టు అది. ఆ జట్టుకు కెప్టెన్. ఆయన భుజాన మోసుకొచ్చిన మనుషులు ఆ కాలనీల్లో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకాయన ప్రతి దసరాకూ జమ్మి ఆకు తెచ్చి మొదట ఈయన చేతిలో పెట్టి, కాళ్లు మొక్కబోయేవాడు. ఈయన గబుక్కున రెండు కాళ్లూ ఎత్తి కుర్చీ మీద పెట్టుకునేవాడు.

"నా కాళ్లు నిన్ను మొయ్యలేదురా, వీపు మోసింది. మొక్కితే దానికి మొక్కు" అని వెనక్కి తిరిగి కూర్చునేవాడు. అందరూ నవ్వేవాళ్లు. మొక్కులంటే నాకు ఒళ్లు మంట కనుక, నాకు ఆ మనిషి నచ్చింది అక్కడే.

రెస్క్యూ నుంచి ఆయన్ని ఎవరూ తీసెయ్యలేదు. ఒక గోడ కట్టి, తనంతట తానే బయటికొచ్చాడు. ఆ గోడ సంగతి గోదావరిఖనిలో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు.

గనిలో బొగ్గు అంటుకుంటే నీళ్లతో ఆరదు. గాలి ఆపాలి. మంట ఉన్న భాగానికి పోయే దారులన్నీ ఇటుకలతో, ఇసుక బస్తాలతో, బంకమట్టితో మూసేస్తారు. లోపల గాలి అయిపోయాక మంట చస్తుంది. లోపల ఇంకేముంటే అది కూడా. ఆ రోజు లోపల ఒక మనిషి ఉన్నాడు. అట్టడుగున నీళ్లు తోడే పంపు నడిపేవాడు, అక్కడ ఒక్కడే డ్యూటీ. జట్టు రెండుసార్లు లోపలికి పోయింది, రెండుసార్లూ మంట తరిమేసింది. గ్యాసు పెరుగుతోంది. పేలితే గనిలో ఉన్న అందరూ పోతారు. మూసెయ్యమన్నారు. వద్దనడానికి ఎవరి దగ్గరా మాట లేదు, ఈయన దగ్గర కూడా. చివరి ఇటుక కెప్టెన్ పెట్టాడు.

ఆ పంపు మనిషి ఈయన పక్క క్వార్టర్లో ఉండేవాడు. దోస్తు. సంపత్ అతని కొడుకు. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చింది. గోడ మళ్లీ తెరవలేదు.

ఇక మల్లేశం షాపు గురించి చెప్పాలి.

మార్కెట్ రోడ్డు పక్క సందులో మల్లేశం కటింగ్ షాపు. కరీంనగర్ నుంచి వచ్చే బస్సులో నెలకొకసారి బొమ్మల కథల పుస్తకాల కట్ట దిగేది. అందులో నీలిరెక్క ఉంటే ఆ సాయంత్రం షాపులో గడ్డాలు, కటింగులు అన్నీ నెమ్మదిస్తాయి. నీలిరెక్క అంటే భుజాల మీద నీలం రెక్కలున్న వీరుడు. ఎగురుతాడు, పడిపోయే వంతెనల్ని పట్టుకుంటాడు. ఎవర్నీ చంపడు. దుర్మార్గుణ్ని కూడా చంపకుండా పట్టిచ్చి, చేతులు దులుపుకొని ఎగిరిపోతాడు. ఆ షాపులో ఒక నియమం ఉండేది. కుర్చీలో ఉన్నవాడే పుస్తకం పట్టుకుని పైకి చదవాలి, ఎందుకంటే ట్యూబులైటు అక్కడే ఉంది. చదివిన పేజీని అద్దం వైపు తిప్పితే, చదువు రానివాళ్లు వెనక బల్ల మీద కూర్చుని అద్దంలో బొమ్మలు చూస్తారు. అద్దంలో కనుక నీలిరెక్క ఎప్పుడూ ఎడమచేత్తో కొట్టేవాడు. ఖనిలో చాలామందికి అతను ఎడమచేతివాడే. ఫస్టు షిఫ్టు ముగించుకుని, స్నానం చేసి, కనురెప్పల అంచుల్లో ఇంకా బొగ్గు మిగిలి ఉన్న పెద్ద పెద్ద మనుషులు నోరు తెరుచుకుని ఆ అద్దంలోకి చూస్తుండేవాళ్లు.

నేను అక్కడికి పోయింది పోట్లాడటానికి. దేవుడికి పట్టుపంచె విప్పి రెక్కలు తొడిగితే వాడే ఈ నీలిరెక్క అని నా వాదన. ఎవడో పైనుంచి దిగొచ్చి కాపాడతాడని ఎదురుచూసే జనం తమంతట తాము లేవరు. ఇదే సంగతి చిన్న పుస్తకంగా అచ్చేసి షాపులో పంచాను.

మల్లేశం అటూ ఇటూ తిప్పి చూశాడు. "సారూ, నీ పుస్తకంల బొమ్మలు లెవ్వు. గందుకే నీ దేవుడు లేడనేది ఎవ్వలికి కనపడుతలేదు."

అందరికంటే గట్టిగా నవ్వింది కాకే.

ఆయనకు మాత్రం పుస్తకం చేతికి రాగానే చివరి పేజీ తిప్పే అలవాటు. అక్కణ్నుంచి వెనక్కి వెనక్కి వచ్చి, మొదటి పేజీ ఆఖరున చూసేవాడు. సంపత్‌కు ఒళ్లు మండిపోయేది. వాడికప్పుడు పాతికేళ్లు ఉంటాయేమో. నీలిరెక్క పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో దాచుకున్న అభిమాని.

"కాకా, కథ మొత్తం పాడుజేస్తున్నవ్!"

"దిగకముందే బయటికొచ్చే తొవ్వ చూసుకోవాలె కొడుకా. గది లేకుంటే నేను దిగ."

అలా ఉండగా ఒక నెల కట్టలో వేరే పుస్తకం వచ్చింది. పైన 'మరో లోకం నీలిరెక్క' అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'ఇది అసలు కథ కాదు. వేరొక లోకంలో ఇలా జరిగి ఉంటే?' అని. రెక్కలు అవే, మొహం అదే. ఆ లోకంలో ఊరి మీదికి విషపు పొగ వస్తుంది. ఊరంతా పోకుండా నీలిరెక్క ఒక వాడ ఇనుప తలుపు మూసేస్తాడు. ఆ వాడలో అతని స్నేహితుడు ఉంటాడు. ఊరు బతుకుతుంది. జనం పూలదండలు వేస్తారు. తర్వాతి నెల ఇంకో ఆపద, ఇంకో తలుపు. ఆ తర్వాతి నెల ఆపద ఏమీ లేదు. తనను ప్రశ్నించినవాళ్ల వాడకే తలుపు వేస్తాడు. ఆపైన సింహాసనం. రెక్కలు నీలం పోయి నల్లబడతాయి.

ఊరు ఊరంతా కోపంతో మండిపోయింది. మల్లేశం ఆ పుస్తకాన్ని మేకుకు తలకిందులుగా వేలాడదీశాడు. శ్రీరాంపూర్ నుంచి బస్సెక్కి వచ్చే ఒక అభిమాని, పుస్తకాన్ని నాలుగు ముక్కలు చేసి, మళ్లీ మనసొప్పక అక్కడే కూర్చుని అన్నం మెతుకులతో అంటించుకున్నాడు. నల్లరెక్కల వాడు మారువేషంలో వచ్చిన శత్రువని కొందరు, మంత్రం వేశారని కొందరు, ఆఖరి పుస్తకంలో అంతా కల అని తేలుతుందని కొందరు.

నాకు పండగ. "చూశారా! శక్తి మొత్తం ఒక్కడి చేతిలో పెట్టి, వాడికి మొక్కితే జరిగేది ఇదే. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే!"

మల్లేశం కత్తెర కింద పెట్టేశాడు. "సారూ, మా ఇంట్ల సావైంది. నువ్వచ్చి పాఠం చెప్తున్నవ్."

సంపత్ మాత్రం ఏడవలేదు, తిట్టలేదు. ఒకటే మాట పట్టుకున్నాడు. "గిది మన నీలిరెక్క కాదు. కింద రాసిండ్లు గదనే, వేరే లోకమని! మనోడు గట్ల చెయ్యడు. ఏదో ఒక తొవ్వ తీస్తుండె." ప్రచురణకర్తలకు ఉత్తరం కూడా రాశాడు. అదృష్టం కొద్దీ తర్వాతి పుస్తకంలో జవాబు అచ్చయింది. ఆ రోజు కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ తెల్లగుడ్డతో, గొంతు ఎత్తి చదివాడు: "గోదావరిఖని అభిమానికి. ఇది మరో లోకపు కథ మాత్రమే. మీ నీలిరెక్క క్షేమం."

షాపంతా చప్పట్లు కొట్టింది. అవి తగ్గాక వెనక బల్ల మీంచి కాక గొంతు వచ్చింది.

"నీలిరెక్క క్షేమమట. మంచిదే. తలుపు లోపలోళ్ల సంగతేమన్న రాసిండ్లా?"

మల్లేశం ఎందుకో నీళ్లు చల్లే సీసా తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు. సంపత్ పుస్తకంలో మరోసారి వెతికాడు, అచ్చైన ఆ రెండు వాక్యాల్లో ఇంకేదో దొరుకుతుందన్నట్టు.

"రాయలేదు కాకా" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన, నేను కలిసి నడిచాం. రోడ్డు మీద బొగ్గు లారీలు వరసగా పోతున్నాయి. ఆయన అంచున, నేను గోడ వైపు.

"సారు, ఆ నీలిరెక్క చెడిపోయిండంటవ్ గదా. ఏ తలుపు కాడ చెడిండు?"

"మొదటి తలుపు దగ్గరే" అన్నాను. నా దగ్గర జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

లారీ నుంచి రాలిన బొగ్గుముక్కను ఆయన కాలితో పక్కకు తోశాడు.

"నాకట్ల అనిపియ్యలే. మొదటిది ఎవడైన మూస్తడు. మూయకుంటే ఊరు పోతది. రెండోది మూసెటప్పుడు వాని చేతులు చూసినవా? బొమ్మ గీసినోడు తెలివిగల్లోడు. మొదటి తలుపుకు రెండు చేతులు వెట్టి తోస్తడు, మొకం అటు తిప్పుకుంటడు. రెండోదానికి ఒక్క చెయ్యే." లారీ పోయేదాకా ఆగాడు. "నేను గందుకే రెస్క్యూల ఉండలే. మల్లొక గోడ కట్టుమంటే కట్టేటోన్ని సారు. ముందటికంటె జల్ది కట్టేటోన్ని. గదే నా ఫికర్."

నేను అడగవలసింది కాదేమో. అడగకుండా ఉండటం నాకు చేతకాదు.

"తలుపు కొడితే పలకనిది అందుకేనా? ఆ రోజు లోపల్నుంచి ఏమన్నా చప్పుడు వినిపించిందా?"

ఆయన తలూపాడో, నడకకు తల ఊగిందో తెలియలేదు. నేను వెంటనే నాకు తెలిసిన శాస్త్రమంతా ముందు పెట్టాను. వేడికి రాయి పగులుతుంది. కప్పుకు పెట్టిన దుంగలు చిట్లుతాయి. అలాంటి చోట చప్పుడు రావడం సహజం. దానికి మనిషే ఉండనక్కర్లేదు. ఆయన్ని ఓదార్చాలని చెప్పలేదు, నిజమని చెప్పాను.

"ఔ. పెద్దసార్లు గూడ గదే అన్నరు. నేను గూడ గదే అనుకున్న." మెడ మీది తువ్వాల తీసి దులిపాడు. "కానీ రాయి కొట్టి, ఆగి, మల్ల కొట్టదు సారు. ఆగుడు మనిషి పని. జవాబుకు ఆగుతడు."

"నువ్వు తిరిగి కొట్టినవా?"

"నా చేతిల ఇటుక ఉండె."

అంతే చెప్పాడు. ఇంటి దగ్గరికి రాగానే "చారు ఉన్నది, తిని పో" అన్నాడు. తిన్నాను. ఆయన కూడా తిన్నాడు, రెండోసారి చారు పోయించుకుని.

ఆ కథ ఆఖరి పుస్తకం వచ్చినప్పుడు షాపు నిండిపోయి, జనం సందులో నిలబడ్డారు. సంపత్ తనే చదవాలని గడ్డం పెంచుకుని మరీ వచ్చి కుర్చీ పట్టాడు. కాక బల్ల మీద నా పక్కన. ఈసారి చివరి పేజీ ముందు చూస్తానని ఆయన అడగలేదు. మల్లేశం సంపత్‌కు ఒక చెంప గీసి, రెండో చెంపకు నురగ రాశాడు.

కథ ఆఖర్న ముసలివాడైన నీలిరెక్క సింహాసనం దిగి, ఊరంతా నడిచి, తను మూసిన మొదటి తలుపు దగ్గరికి వస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనిస్తాడు. తర్వాతి బొమ్మ పూర్తిగా నలుపు. అందులో మాట లేదు, అక్షరం లేదు.

"గిదేంది, సిరా ఒలికిందా?" అన్నారు ఎవరో వెనకనుంచి. ఎవరూ నవ్వలేదు.

సంపత్ పుస్తకం దించాడు. అద్దంలో కాకను చూశాడు.

"కాకా. తలుపు లోపట ఎవ్వలన్న ఉన్నరంటవా?"

"కథల రాయలేదు గద బిడ్డా."

"కథ కాదు." సగం నురగ మొహంతోనే ఉన్నాడు. వెనక్కి తిరగలేదు, అద్దంలోకే అడిగాడు. "నువ్వు గోడ వెట్టేటప్పుడు మా నాయిన పాణంతోని ఉన్నడా?"

మల్లేశం కత్తి గాల్లో ఆపేశాడు. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు. ఆ ఊళ్లో దాన్ని అడిగే హక్కు ఉన్నవాడు సంపత్ ఒక్కడే. కాక మోకాలు నా మోకాలికి ఆని ఉంది. వణకలేదు.

"లేడు బిడ్డా. నేను చెవి వెట్టి విన్న. ఏ చప్పుడు లేదు. మీ నాయిన గప్పటికే పోయిండు."

రేపు ఎండ కాస్తుందని చెప్పినట్టు చెప్పాడు. అద్దంలో సంపత్ కళ్లలోకి చూసే చెప్పాడు.

"సరే" అన్నాడు సంపత్. పుస్తకం ఎత్తి, నల్లబొమ్మ కింద ఉన్న 'సమాప్తం' చదివాడు. మల్లేశం రెండో చెంప గీశాడు.

నిజం ఎవర్నీ చంపదు, అబద్ధమే చంపుతుందని నేను ఎన్ని వేదికల మీద అరిచానో నాకే గుర్తు లేదు. ఆ బల్ల మీద నోరు మూసుకుని కూర్చున్నాను. దానికి ఒక సమర్థన రాసుకుందామని కొన్నాళ్లు ప్రయత్నించాను. కుదరలేదు. మానేశాను.

ఆ తర్వాత ఆయనలో మారిందేమీ లేదు. షాపుకు వచ్చాడు, పుస్తకాలు వెనక నుంచి చదివాడు, దసరాకు కాళ్లు కుర్చీ మీద పెట్టుకున్నాడు. ఆయన్ని నిజంగా సంతోషంగా చూసింది ఒక్కసారే, రాష్ట్రం కోసం గనులు ఆగిపోయిన రోజుల్లో. ఊరంతా రోడ్డు మీద వంటావార్పు చేస్తుంటే ఈయన కనిపించలేదు. ల్యాంప్‌రూంకు పోయి చూశాను. తలుపు బార్లా తీసి ఉంది. ఒక్క మనిషీ గని దిగలేదు కనుక అన్ని కొక్కేలకూ లైట్లు ఉన్నాయి. ఆయన స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. అలికిడికి కళ్లు తెరిచాడు.

"సారు, చూసినవా? అన్ని ఇంట్లనే ఉన్నయి" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

సంపత్ ఫోను చేశాక నేను పోయేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. ఇంట్లో ఆయన భార్య చిన్నమ్మ, సంపత్ ఉన్నారు. నేను వాకిట్లోంచి పిలిచాను. సంపత్ వచ్చి తీశాడు. వాడి జుట్టు కూడా కొంచెం నెరిసింది. బయట ఊరు హడావిడిగా ఉంది. రాష్ట్రం వచ్చింది, వీధి చివర పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు. చిన్నమ్మ మంచం కోడుకు ఆనుకుని కింద కూర్చుంది. ఆయన రేడియో బీరువా మీద ఉంది. ఎవరూ ఏడవడం లేదు. నేను ఏదో ఒకటి అనాలి కనుక, "తిన్నరా?" అన్నాను.

"తిన్నం" అంది చిన్నమ్మ.

కాసేపటికి సంపత్ అన్నాడు, "సార్, నువ్వు అబద్ధమాడవంటరు. ఒకటి అడుగుదుననుకున్న. మల్లేశం షాపుల కాక నాకు చెప్పింది నిజమా, కాదా అని."

నేను గొంతు సవరించుకున్నాను. ఏం చెప్పేవాణ్నో నాకిప్పటికీ తెలియదు.

"వద్దు సార్, చెప్పకు. నాకెరికే." వాడు చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె చూపు నేల మీద ఉంది. "నాయిన పోయినంక అమ్మ నాకు కూర గిన్నె ఇచ్చి, కాకకు ఇచ్చి రమ్మన్నది. ఎరుక లేక కొట్టిన. తలుపు తెరిచే ఉన్నది, కొడితే దానంతట అదే కొంచెం జరిగింది. సందుల నుంచి చూసిన. కాక గోడకు వీపు ఆనిచ్చి కింద కూసున్నడు. రెండు చెవులు మూసుకున్నడు. కొట్టింది నేనని ఆయనకు తెల్వదు. గిన్నె గడప మీద వెట్టి మల్లిపోయిన. ఆ దినం సంది ఈ తలుపు నేను కొట్టలే."

నాకు లెక్క అందడానికి కొంచెం సమయం పట్టింది. అది షాపులో ఆ మాట అడగడానికి చాలా ఏళ్ల ముందు.

"తెలిసి ఎందుకడిగినవ్ మరి? అంతమందిలో?"

"అంతమందిల అడిగితేనే ఆయన లేదని గట్టిగ అంటడని." సంపత్ అరచేతులు చూసుకున్నాడు. "ఒక్కసారన్న నోటితోని అంటే, ఆయన గూడ నమ్ముతడేమో అనుకున్న సార్. నా కోసం కాదు."

"నమ్మిండా?" అని చిన్నమ్మను అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. అంతలో ఎవరో తలుపు కొట్టారు.

ముగ్గురం కదల్లేదు. చిన్నమ్మ కళ్లు రేడియో వైపు పోయాయి. అది ఎప్పుడో ఆగిపోయి ఉంది. బయటి మనిషి కాసేపు ఆగాడు. మళ్లీ కొట్టాడు.

సంపత్ లేచి వెళ్లి తలుపు తీశాడు.